కిలో నూలు వెనుక కార్బన్ ఎంత? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పత్తి, నూలు, వాటిని కొనే విదేశీ కంపెనీలు అడుగుతున్న కార్బన్ లెక్కల చుట్టూనే తిరిగాయి. అందుకని మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ విషయానికే కేటాయించాము. ఉత్తరాలు రాసినవారి పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: నేను గుంటూరు జిల్లాలోని ఒక స్పిన్నింగ్ మిల్లులో క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను. మా నూలు కొనే జర్మనీ కంపెనీవారు కిలో నూలుకు కార్బన్ ఫుట్‌ప్రింట్ ఎంతో నెల రోజుల్లో తెలపమని ఈమెయిల్ పంపారు. మా దగ్గర కరెంటు బిల్లులు, ఉత్పత్తి రిజిస్టర్లు తప్ప మరేమీ లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కరెంటు బిల్లులు, ఉత్పత్తి రిజిస్టర్లు ఉన్నాయంటే సగానికి పైగా లెక్క మీ చేతిలో ఉన్నట్టే. కార్బన్ ఫుట్‌ప్రింట్ అంటే ఒక సరుకు వెనుక వెలువడే గ్రీన్‌హౌస్ వాయువులన్నిటినీ కార్బన్ డయాక్సైడ్ బరువులోకి మార్చి కూడిన మొత్తం. వారు దాన్ని ఎందుకు అడుగుతున్నారో ముందు తెలుసుకోండి. పెద్ద కంపెనీలు తమ ఉద్గారాలను మూడు పద్దులుగా రాస్తాయి. తమ బాయిలర్లలో, వాహనాల్లో కాల్చిన ఇంధనం మొదటి పద్దు, కొన్న కరెంటు రెండోది, కొన్న సరుకుల తయారీ మొదలుకొని అమ్మిన సరుకు చివరికి చెత్తలో కలిసేదాకా జరిగే మిగిలినదంతా మూడోది. 2011లో వెలువడిన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ ప్రమాణం ఈ మూడో పద్దును 15 భాగాలు చేసింది, వాటిలో మొదటిదే కొన్న సరుకులు. మీ నూలు వారికి ఆ భాగంలోకి వస్తుంది కాబట్టే ఈమెయిల్ మీదాకా వచ్చింది.

లెక్క మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి: ఏ సరుకుకు, ఎక్కడి నుంచి ఎక్కడి వరకు, ఏ కాలానికి. "ఒక కిలో నూలు" అని రాస్తే చాలదు. 40 కౌంటు (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం) కోంబ్డ్ నూలు (పొట్టి పోగులను దువ్వి తీసేసినది), కోన్ మీద చుట్టినది, 8.5 శాతం తేమ లెక్కన ఒక కిలో అని రాయాలి. పరిధిని మీ కొనుగోలుదారు చెప్పకపోతే పొలం నుంచి మీ మిల్లు గేటు వరకు అని తీసుకోండి, ఓడ రవాణా ఉద్గారాలు వారి పద్దులోకి పోతాయి. కాలం పూర్తి సంవత్సరం ఉండాలి. ఎండాకాలంలో మిల్లు గాలిలో తేమ నిలిపే హ్యూమిడిఫికేషన్ ప్లాంటు లాగే కరెంటుకూ, వానాకాలంలో లాగేదానికీ పోలిక ఉండదు కనుక ఒక్క నెల బిల్లుతో తీసిన అంకె నిలబడదు.

ఇప్పుడు కరెంటు. ఉదాహరణకు నెలకు సగటున 12 లక్షల యూనిట్లు వాడి 3 లక్షల కిలోల నూలు తీసే మిల్లులో కిలోకు 4 యూనిట్లు పడతాయి. మీరు రోజూ రాసుకునే యూకేజీ (కిలోకు యూనిట్లు) అంకె ఇదే. మన గ్రిడ్‌లో ఒక్కో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ప్రకటించే గణాంకాల వల్ల తెలుస్తుంది. ఆ లెక్కన కిలో నూలుకు 2.8 కిలోలు. దీనికి లైన్లలో పోయే కరెంటునూ, బొగ్గు తవ్వి తరలించడంలో అయ్యే ఉద్గారాలనూ, జనరేటర్ డీజిల్‌ను లీటరుకు దాదాపు 2.7 కిలోల చొప్పునా చేర్చాలి. మీ మిల్లు 20 కౌంటూ 60 కౌంటూ రెండూ తీస్తుంటే మొత్తం యూనిట్లను మొత్తం కిలోలతో భాగించకండి. సన్న నూలుకు కిలోకు పట్టే కరెంటు చాలా ఎక్కువ, సగటు తీస్తే ముతక నూలు కొన్నవాడి మీద సన్న నూలు భారం పడుతుంది. ఉత్పత్తిని 40 కౌంటుకు మార్చి రాసే అలవాటు మీ మిల్లుల్లో ఉన్నదే, అదే పద్ధతిలో పంచితే సరిపోతుంది.

మీటర్ల సంగతి కూడా చూసుకోండి. కొన్నేళ్ల క్రితం నేను లెక్క వేసిన ఒక మిల్లులో కిలోకు పట్టే కరెంటు ఎంతకీ నమ్మశక్యంగా తేలలేదు. రెండు వారాలు కౌంట్లనూ మెషీన్లనూ అనుమానించాక తెలిసిందేమిటంటే, కార్మికుల హాస్టలూ, పక్కనున్న జిన్నింగ్ (పత్తి నుంచి గింజలు వేరుచేసే) షెడ్డూ అదే మీటరు మీద నడుస్తున్నాయి. మొదటి రోజే ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని ప్యానెల్ బోర్డు దాకా నడిచి ఉంటే ఆ రెండు వారాలూ మిగిలేవి.

చాలామంది ముందుగా లారీల లెక్క ఎత్తుకుంటారు, కంటికి కనిపించే పొగ అదే కనుక. వంద బేళ్లు, అంటే 17 టన్నుల దూది, వంద కిలోమీటర్లు మోసి ఖాళీగా తిరిగివెళ్లే లారీ 50 లీటర్ల డీజిల్ తాగిందనుకుందాం. 135 కిలోల ఉద్గారాలను 17 వేల కిలోలకు పంచితే కిలో దూదికి 8 గ్రాములు. కరెంటు దగ్గర 2,800 గ్రాములు, లారీ దగ్గర 8 గ్రాములు. రాయడం మానవద్దు కానీ లారీ డ్రైవర్ల వెంట పడి నెల రోజుల గడువును వృథా చేసుకోవద్దు. ఆ సమయం జిన్నింగ్ మిల్లుకూ పొలానికీ కేటాయించండి.

ప్రశ్న: మా నూలుకు ఇద్దరు కన్సల్టెంట్లు లెక్క కట్టారు. ఒకరు కిలోకు 3.75 కిలోల కార్బన్ డయాక్సైడ్ అన్నారు, మరొకరు 4.7 కిలోలు అన్నారు. ఇద్దరూ సరుకుల ఫుట్‌ప్రింట్ లెక్కకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 14067 ప్రకారమే చేశామంటున్నారు. ఎవరిది తప్పు?

జవాబు: ఇద్దరిదీ ఒప్పే అయి ఉండవచ్చు. తేడా ఎక్కడ పుడుతుందో పత్తితోనే చూద్దాం. ఎకరాకు మూడు బస్తాల యూరియా వేసి ఎనిమిది క్వింటాళ్ల పత్తి తీసిన పొలాన్ని తీసుకోండి. యూరియా బస్తా 45 కిలోలు, అందులో 46 శాతం నత్రజని, అంటే 20.7 కిలోలు. నేలలో పడిన నత్రజనిలో నూటికి ఒక వంతు నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలో కలుస్తుందన్నది వాతావరణ మార్పుల అంతర్ ప్రభుత్వ సంఘం, అంటే ఐపీసీసీ, ఇచ్చిన సాధారణ విలువ. వందేళ్ల లెక్కలో ఆ వాయువు కిలో 273 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆక్సిజన్ తోడై ఆ నత్రజని బరువు 1.57 రెట్లవుతుంది కనుక ఈ దామాషాతో బస్తాకు 89 కిలోలు తేలుతుంది. యూరియాలో ఉన్న కార్బన్ విడుదలై మరో 33 కిలోలు. కలిపి బస్తాకు 122, మూడు బస్తాలకు 366, క్వింటాలు పత్తికి దాదాపు 46 కిలోలు. యూరియా ఫ్యాక్టరీ గ్యాసు, కాంప్లెక్స్ ఎరువులు, ట్రాక్టరు డీజిల్ కూడా కలుపుకొని క్వింటాలుకు 70 కిలోలు అనుకుందాం.

అసలు చిక్కు జిన్నింగ్ మిల్లులో మొదలవుతుంది. క్వింటాలు పత్తి నుంచి సుమారు 34 కిలోల దూది, 65 కిలోల గింజలు వస్తాయి. గింజలు నూనె మిల్లుకు పోతాయి, తెలగపిండి పశువులకు పోతుంది. ఈ 70 కిలోల భారంలో దూది వాటా ఎంత? బరువు ప్రకారం పంచితే దూదికి 34 శాతం చాలు, అప్పుడు కిలో దూదికి 0.71 కిలోలు. విలువ ప్రకారం పంచితే కథ మారిపోతుంది. దూది కిలో 150 రూపాయలు, గింజలు కిలో 35 రూపాయలు అనుకుంటే వచ్చే డబ్బులో 69 శాతం దూదిదే, కనుక కిలో దూదికి 1.42 కిలోలు. పొలం అదే, యూరియా అదే, అంకె రెట్టింపు. కోంబ్డ్ నూలుకు కిలోకు 1.35 కిలోల దూది పడుతుందని, కోంబర్ వేస్ట్‌కు ఏమీ కేటాయించకుండా లెక్కిస్తే నూలులో దూది భారం ఒక పద్ధతిలో 0.95, మరో పద్ధతిలో 1.92. రెండింటికీ కరెంటు 2.8 కలిపి చూడండి, మీ ఇద్దరు కన్సల్టెంట్లూ చెప్పిన అంకెలు దాదాపుగా అవే.

పత్తి పండించేది ప్రధానంగా దూది కోసమే గానీ గింజల కోసం కాదు కనుక నాకు విలువ ప్రకారం పంచడమే న్యాయంగా తోస్తుంది. అయితే దానికీ ఒక లోపం ఉంది: మార్కెట్లో గింజల ధర పడిపోయిన ఏడాది పొలంలో ఏమీ మారకుండానే మీ నూలు ఫుట్‌ప్రింట్ పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకని మూడు నాలుగేళ్ల సగటు ధరలు తీసుకోవడం మంచిది. ఏ పద్ధతి వాడినా నివేదికలో రాయాలి, ఏటా అదే పద్ధతి కొనసాగించాలి. తక్కువ అంకె వచ్చిన పద్ధతిని వెతుక్కుని ఏటా మారుస్తూ పోయే మిల్లులు కూడా ఉన్నాయి, అది లెక్క అనిపించుకోదు.

పంపకం ఒక్కటే కాదు, ఇంకో చోట కూడా తేడా రావచ్చు. నత్రజని గురించి ఇందాక చెప్పిన నూటికి ఒక వంతు అనే విలువను ఐపీసీసీ 2019లో వాతావరణాన్ని బట్టి విడదీసింది. తేమ ప్రాంతాల్లో రసాయన ఎరువులకు 1.6 శాతం, పొడి ప్రాంతాల్లో 0.5 శాతం. ఒక కన్సల్టెంట్ పాత విలువ వాడి, ఇంకొకరు కొత్త విలువ వాడితే ఎరువు భారం సగమో ఒకటిన్నర రెట్లో అయిపోతుంది. నైట్రస్ ఆక్సైడ్‌ను కూడా పాత నివేదికల ప్రకారం 265 అనో 298 అనో వేసేవారు ఇప్పటికీ కనిపిస్తారు. ఇద్దరి దగ్గరా మొత్తం అంకెను కాదు, వారు వాడిన ఈ చిన్న అంకెల పట్టికను అడిగి తీసుకోండి. ఇవ్వడానికి వెనుకాడేవారికి రెండోసారి పని ఇవ్వకండి.

ప్రశ్న: మా మిల్లు కప్పు మీద ఒక మెగావాట్ సోలార్ పెట్టాం. కరెంటు ఉద్గారాలు సున్నా అని రాసుకోవచ్చా?

జవాబు: రాయకూడదు. మెగావాట్ ప్లాంటు మన ఎండకు ఏడాదికి ఇంచుమించు 15 లక్షల యూనిట్లు ఇస్తుంది. పైన ఉదాహరణగా తీసుకున్న మిల్లుకు ఏడాదికి కావలసినవి 144 లక్షలు. మూడు షిఫ్టులూ నడిచే మిల్లులో రాత్రంతా గ్రిడ్ కరెంటే కదా. ఆ పదోవంతుకు కూడా సున్నా కాదు, ప్యానెళ్లు తయారు కావడంలో అయిన ఉద్గారాలను వాటి జీవితకాలం మీద పంచితే యూనిట్‌కు 40 నుంచి 50 గ్రాములు తేలుతుంది. ఆ లెక్కన మీ 2.8 కాస్తా 2.54 అవుతుంది. అది చిన్న తగ్గుదల కాదు, కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాసుకోవడానికి సంకోచించకండి.

ఒక్క జాగ్రత్త అవసరం. ఆ కరెంటుకు వచ్చే పునరుత్పాదక ధ్రువపత్రాలను మీరు మరొకరికి అమ్మి ఉంటే, ఆ యూనిట్లు మీ నూలు లెక్కలోకి రావు. పచ్చదనం కొన్నవాడిది, మీకు మిగిలేది మామూలు గ్రిడ్ కరెంటే. ఒకే యూనిట్‌ను ఇద్దరు తమ ఖాతాలో వేసుకోవడం ఈ రంగంలో పెద్ద తప్పు.

ప్రశ్న: నేను ఆదిలాబాద్ జిల్లా పత్తి రైతును. పోయిన సీజన్ నుంచి కొందరు వచ్చి ఎన్ని బస్తాల యూరియా వేశావు, ఎన్నిసార్లు ట్రాక్టరు తోలావు, కట్టె ఏం చేశావు అని రాసుకుపోతున్నారు. దీనివల్ల నాకేమిటి?

జవాబు: నిజం చెప్పాలంటే ఈ రోజుకు ఎక్కువ మంది రైతులకు దీనివల్ల ఏమీ రావడం లేదు. వారు రాసుకుపోయేది మిల్లుకూ, మిల్లు వెనుక ఉన్న బట్టల కంపెనీకీ పనికివచ్చే సమాచారం. మీరిచ్చే వివరాలు లేకపోతే వారు దేశం మొత్తానికో ప్రపంచం మొత్తానికో తీసిన సగటు అంకె వేసుకోవాలి. పొదుపుగా ఎరువు వాడిన రైతుకు ఆ సగటు నష్టమే. అందుకే మీ సమాచారానికి విలువ ఉంది, ఆ విలువను అడగడం మీ హక్కు. క్వింటాలుకు ఇంత అదనమనో, భూసార పరీక్ష ఉచితమనో ముందే మాట్లాడుకోండి.

మీ చేతిలో ఉన్నదాంట్లో పెద్దది యూరియానే. బస్తా తగ్గితే 122 కిలోలు తగ్గుతాయని పైన చూశాం, ఫ్యాక్టరీలో తగ్గేది దానికి అదనం. దిగుబడి పడకుండా తగ్గించాలి, ఎందుకంటే లెక్కను క్వింటాళ్లతోనే భాగిస్తారు. ఎరువు సగానికి తగ్గి దిగుబడి కూడా సగానికి పడిపోతే క్వింటాలుకు ఎరువు భారం మారదు, ట్రాక్టరు డీజిల్ భారం పైగా రెట్టింపవుతుంది. ఇంకొకటి: ఎవరైనా కార్బన్ క్రెడిట్ల పేరుతో కాగితం మీద సంతకం అడిగితే చదివించుకోండి. మీ పొలంలో తగ్గిన ఉద్గారాన్ని క్రెడిట్‌గా ఒకరికి అమ్మాక, అదే తగ్గుదలను నూలు మిల్లు తన లెక్కలో చూపించుకోవడం కుదరదు. ఇద్దరిలో ఎవరికిస్తున్నారో మీకు తెలిసి ఉండాలి.

ప్రశ్న: పత్తి మొక్క గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకునే పెరుగుతుంది కదా. దాన్ని తీసేస్తే నూలు ఫుట్‌ప్రింట్ బాగా తగ్గాలి. ఎందుకు తీయరు? (ఇంజినీరింగ్ విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: దూది దాదాపు అంతా సెల్యులోజే కనుక కిలో దూదిలో సుమారు ఒకటిన్నర కిలోల కార్బన్ డయాక్సైడ్ బందీ అయి ఉన్నమాట నిజమే. కానీ చొక్కా చిరిగి, కాలిపోయినా కుళ్లిపోయినా అది తిరిగి గాలిలోకే పోతుంది. గేటు దాకా మాత్రమే లెక్క కట్టి, పీల్చుకున్నదాన్ని తీసివేసి, తిరిగి వదిలేదాన్ని తర్వాతివాడి పద్దుకు నెట్టేస్తే అది గారడీ అవుతుంది. అందుకే ఐఎస్ఓ 14067 ఈ అంకెను విడిగా చూపమంటుంది. పొలంలో పత్తి కట్టె కాల్చినప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్‌కూ ఇదే న్యాయం. ఆ పొగలోని మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మాత్రం లెక్కలోకి వస్తాయి.

ప్రశ్న: కొనుగోలుదారు మా జిన్నింగ్ మిల్లుల పేర్లు, ధరలు, నెలవారీ వాడకాలు అన్నీ అడుగుతున్నారు. ఇస్తే రేపు మమ్మల్ని దాటి నేరుగా వారి దగ్గరే కొంటారేమో.

జవాబు: భయం నిరాధారం కాదు. అయితే ఫుట్‌ప్రింట్ పంచుకోవడానికి ఇవన్నీ ఇవ్వనక్కరలేదు. కిలోకు తేలిన అంకె, పరిధి, సంవత్సరం, వాడిన ప్రమాణం, వాటాలు పంచిన పద్ధతి, మొత్తంలో మీరు స్వయంగా కొలిచిన వివరాల శాతమెంత, పట్టికల సగటులెంత, ఎవరు తనిఖీ చేశారు అన్నవి చాలు. వరల్డ్ బిజినెస్ కౌన్సిల్ ఫర్ సస్టెయినబుల్ డెవలప్‌మెంట్ నడిపే పాక్ట్ అనే ఏర్పాటు ఈ ఆలోచన మీదే రూపొందింది: గొలుసులో ప్రతి ఒక్కరూ తన ముందువాడి నుంచి అంకె తీసుకుని, తన భాగం కలిపి, తర్వాతివాడికి అందిస్తాడు, లోపలి లెక్కలు ఎవరివి వారి దగ్గరే ఉంటాయి. లోపలి లెక్కలు చూడవలసినవాడు తనిఖీ అధికారి, అతనితో గోప్యత ఒప్పందం రాసుకోండి. జిన్నింగ్ మిల్లు నుంచి మీరు అడిగేదీ ఇంతే ఉండాలని మరచిపోకండి.

ప్రశ్న: నేను బ్రిటన్‌లో ఉంటున్నాను. ఇక్కడ ఒకప్పుడు ప్యాకెట్ల మీద కార్బన్ గుర్తులు కనిపించేవి. రెండు చొక్కాల మీద రెండు అంకెలుంటే తక్కువదే మంచిదని కొనవచ్చా?

జవాబు: రెండింటికీ ఒకే నియమావళి వాడి ఉంటే తప్ప అలా పోల్చకూడదు. పైన మన నూలుకే రెండు అంకెలు తేలడం చూశారు. మీరన్న గుర్తులు 2007లో మొదలయ్యాయి. వాకర్స్ చిప్స్ ప్యాకెట్ మీద 75 గ్రాములని వేశారు. టెస్కో తన 70 వేల సరుకులకూ గుర్తులు వేస్తానని అదే ఏడాది ప్రకటించి, ఒక్కో సరుకుకు పట్టే శ్రమ తెలిసివచ్చాక, తోటి దుకాణాలు కలిసిరాలేదని 2012లో ఆ ప్రయత్నం విరమించుకుంది.

గుర్తు వల్ల కొనేవారికి ఒరిగింది తక్కువే కానీ లెక్క వల్ల తయారీదారుకు మేలు జరిగింది. బంగాళాదుంపలను బరువు లెక్కన కొనడం వల్ల రైతులు వాటిని తేమగా ఉండే గిడ్డంగుల్లో ఉంచుతున్నారనీ, ఆ నీటిని ఆవిరి చేయడానికే ఫ్యాక్టరీలో అదనంగా నూనె కాగుతోందనీ వాకర్స్ లెక్కలో బయటపడింది. తేమ పెంచడానికి ఒకచోట కరెంటు, దాన్ని పోగొట్టడానికి మరోచోట గ్యాసు! దుంపలోని నీటికి కాక పొడి బరువుకు ధర కట్టేలా ఒప్పందం మారిస్తే రెండూ మిగులుతాయి. గుంటూరు మిత్రునికి 8.5 శాతం తేమ అని తప్పకుండా రాయమనడం వెనుక ఉన్నది కూడా ఈ నీటి బరువే.

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో బోల్టులు, నట్లు తయారుచేసే చిన్న యూనిట్. యూరప్ కార్బన్ పన్ను నూలుకూ మాకూ ఒకేలా వర్తిస్తుందా?

జవాబు: లేదు. యూరోపియన్ యూనియన్ సరిహద్దు కార్బన్ సర్దుబాటు ప్రస్తుతం సిమెంటు, ఇనుము-ఉక్కు, అల్యూమినియం, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తులకే వర్తిస్తుంది. నూలు అందులో లేదు, ఉక్కు బోల్టులు, నట్లు ఉన్నాయి. 2023 అక్టోబరు నుంచి నివేదికలకే పరిమితమైన దశ 2025తో ముగిసింది. 2026 దిగుమతులకు యూరప్ దిగుమతిదారు ఆ సరుకుల ఉద్గారాలకు తగినన్ని ధ్రువపత్రాలు కొనాలి, వాటి అమ్మకం 2027 ఫిబ్రవరిలో మొదలవుతుంది. విద్యుత్తు, హైడ్రోజన్ తప్ప ఈ సరుకులన్నీ కలిపి ఏడాదికి 50 టన్నులకు మించి దిగుమతి చేసుకోనివారికి మినహాయింపు ఉంది కాబట్టి మీ కొనుగోలుదారు మొత్తం దిగుమతి ఎంతో ముందు అడగండి.

ఉక్కు విషయంలో ఇప్పటికి ప్రత్యక్ష ఉద్గారాలనే లెక్కిస్తారు గనుక మీ షెడ్డులో కరెంటు ఎంత కాలిందన్నది వారికి పెద్ద సంగతి కాదు. మీరు కొన్న వైర్ రాడ్ (ఉక్కు తీగ చుట్ట) బొగ్గుతో ఇనుప ఖనిజం కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చిందా, తుక్కు కరిగించిన ఎలక్ట్రిక్ ఫర్నేస్ నుంచి వచ్చిందా అన్నదే మీ అంకెను నిర్ణయిస్తుంది. ఉక్కు మిల్లు నుంచి హీట్ నంబరు (ఒక్కో విడత కరిగింపుకు ఇచ్చే సంఖ్య) వారీగా ఆ వివరం రాయించి తెచ్చుకోండి. అది లేకపోతే దిగుమతిదారు యూరప్‌వారు నిర్ణయించిన డీఫాల్ట్ విలువ వేసుకోవాల్సి వస్తుంది. ఆ విలువను కావాలనే కాస్త పైకి ఉంచారు.